బహుమతి వచ్చిన వ్యాసం, గోడ దిగిన వార్త

సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన సంఘం సాహిత్య కార్యదర్శి మూడు వారాలుగా నన్ను మెస్ దగ్గర, లైబ్రరీ మెట్ల మీద, ఆఖరికి బస్సు స్టాపులో కూడా పట్టుకుని అడుగుతున్నాడు. "దేన్ని గురించి?" అంటే "ఏదైనా సరే, సమాజానికి ఉపయోగపడేది" అన్నాడు. ఆ మాట వినగానే నాకు పాత భయం ఒకటి మళ్ళీ పట్టుకుంది. హైస్కూల్లో మాకు పెట్టిన వ్యాసరచన పోటీలన్నీ సమాజానికి ఉపయోగపడేవే. పర్యావరణ పరిరక్షణ, జాతీయ సమైక్యత, పరిశుభ్రత, నీటి పొదుపు, దేశాభివృద్ధిలో యువత పాత్ర. ఏ పోటీకి వెళ్ళినా మొదటి వాక్యం ఒకటే, చివరి వాక్యమూ ఒకటే. మధ్యలో ఏ మహనీయుడి సూక్తి ఇరికించాలన్నదే మార్చుకునేవాళ్ళం.

కనుక ఆ పోటీలను గురించే వ్రాస్తున్నాను. ఏటా కాలేజీ దినోత్సవానికి ముందు మన సంఘం చుట్టుపక్కల హైస్కూళ్ళ పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వ పోటీలు పెడుతున్నది గదా. అందులో వ్యాసరచనను ఎత్తివేసి, దాని స్థానంలో వార్తారచన పోటీ పెట్టాలని నా వాదన. ఎందుకో చెప్పాలంటే ముందు నా కథ కొంచెం చెప్పుకోక తప్పదు. సొంత డబ్బా అనుకోకండి. ఇందులో నా గొప్ప ఏమీ లేదు, ఉన్నదల్లా నా తప్పే.

2017లో నేను తొమ్మిదో తరగతి. మాది మెట్టప్రాంతంలో జిల్లా పరిషత్ హైస్కూలు. తెలుగు వాచకంలో పాఠం చివర ప్రాజెక్టు పని అని ఒకటి ఉండేది. ఊళ్ళో ఎవరినో కలిసి మాట్లాడి, నివేదిక వ్రాసి, గోడపత్రికలో ప్రదర్శించమని. చాలా బళ్ళలో దాన్ని గైడు చూసి నోటుబుక్కులో దించేసి మార్కులు వేయించుకుంటారు. మా తెలుగు మాస్టారు మాత్రం నిజంగానే గోడపత్రిక పెట్టించారు. వరండాలో స్టాఫ్ రూము పక్కన ఒక డ్రాయింగు షీటు, నాలుగు మూలలా మైదా జిగురు. చేతివ్రాత గుండ్రంగా ఉంటుందని నన్ను ఎడిటర్ని చేశారు. అంతకు మించిన అర్హత నాకు లేదు.

మొదటి రెండు సంచికల్లో సూక్తులు, పొడుపుకథలు, ఆ నెలలో పుట్టినరోజులు. ఎవరూ చదవలేదు. మూడోదానికి వచ్చేసరికి బడి బోరు మోటారు కాలిపోయింది. అప్పుడు జూలై నెల. మగపిల్లలం సీసాల్లో నీళ్ళు తెచ్చుకున్నాం, లంచి బెల్లు కొట్టగానే ఎదురు హోటలుకు పరుగెత్తాం. ఆడపిల్లల మరుగుదొడ్లకు తాళం వేశారు, నీళ్ళు లేవు కాబట్టి. మోటారు సంగతి గోడపత్రికలో వేద్దామని క్లాసంతా ఉత్సాహపడింది. పదో తరగతి చదివే అక్క ఒకామె చిన్న చీటీ వ్రాసి నా చేతికిచ్చింది. అందులో రెండే వాక్యాలు. బడి ఉన్న రోజు మేము పొద్దుటినించి నీళ్ళు తాగము, సాయంత్రం ఇంటికి పోయినాకనే తాగుతాము అని.

నేను ఆ చీటీని తీసి పక్కన పెట్టాను. ఇలాంటిది గోడ మీద పెడితే బాగుండదనుకున్నాను. దానికి బదులు ఎర్ర స్కెచ్ పెన్నుతో 'నీరు లేనిదే మానవ మనుగడ లేదు' అని శీర్షిక పెట్టి, కింద పదిహేను పంక్తుల ఉపన్యాసం దంచాను. రెండు నెలలుగా మోటారు పాడైనదని వ్రాశాను (అప్పటికి లెక్కగా ఇరవై ఆరు రోజులు). మోటారుకు మంజూరైన డబ్బు ఎవరి జేబులోకి పోయినదో దేవునికెరుక అని కూడా వ్రాశాను. ఆ మాట మా స్నేహితుడి నాన్న టీకొట్టు దగ్గర అన్నాడు. మాకు అంతకంటె పెద్ద ఆధారం అక్కర్లేకపోయింది.

మర్నాడు ప్రేయరు అయ్యాక హెడ్మాస్టరుగారు ఆ షీటును తన చేత్తోనే ఊడదీసి నాలుగు మడతలు పెట్టారు. నన్ను గదిలోకి పిలిచారు.

"డబ్బు వచ్చిందని నీకెవరు చెప్పార్రా?"

నేను మాట్లాడలేదు.

"నన్నడిగావా?"

అడగలేదు. ఆయన్ను అడగవచ్చునన్న సంగతే నాకు తోచలేదు. అది ఈనాటికీ నన్ను ఆశ్చర్యపరుస్తుంది. ఆయన గది, మా గోడపత్రిక ఒకే వరండాలో ఉన్నాయి.

"మొక్కల పెంపకం మీద రాసుకోండి" అని పంపించేశారు. గోడపత్రిక అంతటితో ఆగిపోయింది. మాస్టారు కూడా మళ్ళీ ఎత్తలేదు. ఆయన ఉద్యోగం ఆయనది.

సెప్టెంబరులో మండల స్థాయి వ్యాసరచన పోటీ వచ్చింది. విషయం నీటి పొదుపు! నాకు ప్రథమ బహుమతి. మూడు గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియరు. అదే హెడ్మాస్టరుగారు ప్రేయరులో నన్ను ముందుకు పిలిచి భుజం తట్టి చప్పట్లు కొట్టించారు. అప్పటికింకా మోటారు బాగుపడలేదు, దసరా సెలవుల తర్వాత బాగుపడింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆ చీటీ వ్రాసిన అక్క కూడా ఉంది.

ఆ వ్యాసంలో నేను వ్రాసినది ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు. ఆ చీటీలో రెండు వాక్యాలు మాత్రం అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బస్టాండులో ఆ హెడ్మాస్టరుగారు కనబడ్డారు. రిటైరయ్యారు. కాసేపు కూర్చున్నాం. మోటారు కోసం ఆఫీసుకు మూడుసార్లు కాగితం పెట్టాననీ, చివరకు వైండింగు డబ్బు తన జేబులోంచే ఇచ్చుకున్నాననీ ఆయన చెప్పారు. "అప్పుడే చెప్పాల్సింది సార్" అంటే "అడిగితే చెప్పేవాణ్ణే గదరా" అన్నారు. ఆ మాట నిజమే. నేను అడగకపోవడం తప్పు. కాని ఆయన షీటు చింపకుండా, దాని కిందనే ఎర్రసిరాతో "మూడుసార్లు వ్రాశాను, ఇవిగో తేదీలు" అని నాలుగు పంక్తులు పెట్టి ఉంటే? బడి మొత్తానికి ఆ ఏడాది చెప్పిన పాఠాలన్నిటిలోకీ అది పెద్ద పాఠం అయ్యేది. ఆయన పెద్దవాడు, నేను పద్నాలుగేళ్ళ కుర్రవాణ్ణి. ఎవరి తప్పు ఎంత అన్నది మీరే లెక్కేసుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను.

సరిగ్గా అదే 2017లో, మేము తొమ్మిదో తరగతిలోకి రాకముందు, అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో ఒక సంగతి జరిగింది. (పెన్సిల్వేనియాలోని ఉక్కు పట్టణం కాదు, ఇది వేరు.) అక్కడి హైస్కూలు పిల్లలు నడిపే పత్రిక పేరు బూస్టర్ రీడక్స్. బడికి కొత్త ప్రిన్సిపాలును నియమించారు. ఆవిడను పాఠకులకు పరిచయం చేస్తూ నాలుగు ముక్కలు వ్రాద్దామని ఆ పిల్లలు కూర్చున్నారు. మనవాళ్ళయితే 'నూతన ప్రిన్సిపాలుగారికి సుస్వాగతం' అని పూలదండ బొమ్మ వేసి వదిలేసేవారు. వాళ్ళు ఆవిడ తన పై డిగ్రీలు సంపాదించానని చెప్పిన విశ్వవిద్యాలయం ఎక్కడున్నదో వెతికారు. చూస్తే దానికి గుర్తింపు లేదు. ఆవిడనే ఫోనులో అడిగారు. జవాబులు పొసగలేదు. అడిగినవీ, ఆవిడ చెప్పినవీ, తాము కనుక్కున్నవీ కలిపి మార్చి చివర అచ్చువేశారు. నాలుగైదు రోజుల్లో ఆవిడ రాజీనామా ఇచ్చింది. పెద్ద పెద్ద పత్రికలన్నీ ఆ తర్వాత ఈ పిల్లల వెంట పడ్డాయి.

ఈ కథ వినగానే మనవాళ్ళకు రాజీనామా మాత్రమే కనబడుతుంది. అబ్బ, ప్రిన్సిపాలును దించేశారట అని. నాకు కనబడింది వేరే. ఆ పిల్లలు అడిగారు. ఎవరిని గురించి వ్రాస్తున్నారో ఆ మనిషినే అడిగి ఆ తర్వాత వ్రాశారు. ఒకే వరండాలో ఉండి నేను చెయ్యలేనిది అదే.

వాళ్ళకేమీ నాలుగు తలలు లేవు. అది వాళ్ళకు నేర్పించారు, అంతే. ఆ దేశంలో హైస్కూలు పత్రికలకు పోటీలు, సంఘాలు నూరేళ్ళ కిందటే పుట్టాయి. 1921లో ఒకటి, 1925లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒకటి, 1926లో అయోవా విశ్వవిద్యాలయంలో క్విల్ అండ్ స్క్రోల్ అనే మరొకటి. ఈ మూడోదాన్ని స్థాపించినవారిలో జార్జి గాలప్ ఒకడు. తరువాత ప్రజాభిప్రాయ సేకరణకు పేరే అతని పేరయింది గదా, ఆ గాలప్పే. గమనించండి, ఇందులో రెండు విశ్వవిద్యాలయాల నీడన పుట్టాయి. హైస్కూలు పిల్లవాడి పత్రికను చదివి మార్కులు వేయడం చిన్నతనమని ఆ విశ్వవిద్యాలయాలు అనుకోలేదు.

అక్కడి పోటీల్లో ఒక రకం నాకు మరీ నచ్చింది. పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టి, ఎదుట ఒక మనిషిని నిలబెట్టి విలేఖరుల సమావేశంలాగా మాట్లాడిస్తారు. పిల్లలు ప్రశ్నలు వేయాలి, నోట్సు తీసుకోవాలి, గడువు లోపల వార్త వ్రాసి ఇచ్చేయాలి. ఇంటి దగ్గర అన్నయ్య వ్రాసిపెట్టినదాన్ని బట్టీ కొట్టడానికి వీల్లేదు. మన వక్తృత్వ పోటీల్లో తొంభై పాళ్ళు అన్నయ్యలవీ మాస్టార్లవే అని న్యాయనిర్ణేతగా కూర్చున్న ప్రతివాడికీ తెలుసు.

అక్కడంతా స్వర్గమని చెప్పడం లేదు. మిస్సోరి రాష్ట్రంలో హేజిల్‌వుడ్ ఈస్ట్ అనే హైస్కూలు పత్రికలో 1983లో రెండు పేజీలు ప్రిన్సిపాలు తీసేయించాడు. అందులో ఒక వ్యాసం బడిలోనే గర్భవతులైన ఆడపిల్లలను గురించి, ఇంకొకటి తల్లిదండ్రుల విడాకులు పిల్లల మీద చేసే దెబ్బను గురించి. పిల్లలు కోర్టుకెక్కారు. 1988 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురు ముగ్గురుగా చీలి బడివైపే తీర్పు చెప్పింది. బడి ఖర్చుతో, పాఠంలో భాగంగా నడిచే పత్రిక కనుక చదువుకు సంబంధించిన సమంజసమైన కారణం ఉంటే బడి అడ్డుపడవచ్చునని. అంతకు ముందు 1969లో అదే కోర్టు, వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల పట్టీలు కట్టుకున్న పిల్లల పక్షాన నిలబడి, బడి గేటు దగ్గర విద్యార్థి తన వాక్స్వాతంత్ర్యాన్ని వదిలేసి లోపలికి పోడని చెప్పింది. పందొమ్మిదేళ్ళలో గాలి అంత మారింది. 1988 తీర్పు తర్వాత కొన్ని రాష్ట్రాలు విద్యార్థి పత్రికలకు రక్షణగా సొంత చట్టాలు చేసుకున్నాయి. అందులో కాన్సాస్ 1992లో చేసింది. ఆ చట్టం ఉండబట్టే పాతికేళ్ళ తరువాత పిట్స్‌బర్గ్ పిల్లల షీటు నాలుగు మడతలు పడలేదు.

అయితే హేజిల్‌వుడ్ ప్రిన్సిపాలు చెప్పిన కారణాలు చదివినప్పుడు నేను కొంచెం ఉలిక్కిపడ్డాను. పేర్లు మార్చినా ఆ ఆడపిల్లలెవరో బడిలో గుర్తుపడతారని ఒకటి. విడాకుల వ్యాసంలో ఒక తండ్రిని తప్పుపట్టారు, ఆయనకు జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వలేదని రెండవది. నన్నడిగావా అన్న ప్రశ్నే! పేజీలు తీసేయడం తప్పని నా అభిప్రాయం, ఆగి అడిగించి ఉండవలసింది. కాని ప్రశ్న మాత్రం తప్పుడు ప్రశ్న కాదు. గర్భవతులైన పిల్లల సంగతి పత్రికలో బాగుండదని అక్కడ పెద్దాయన అనుకున్నాడు. దాహంతో కూర్చున్న పిల్లల సంగతి గోడ మీద బాగుండదని ఇక్కడ నేనే అనుకున్నాను. సెన్సారు చెయ్యడానికి ప్రిన్సిపాలే కానక్కర్లేదు, గుండ్రటి చేతివ్రాత ఉన్న కుర్రాడైనా చాలు.

మన దగ్గరకు వద్దాం. మనకు పోటీలకు కొదవ లేదు. పోస్టల్ శాఖ ఉత్తరాల పోటీ ఉంది, అంతర్జాతీయ తపాలా సంఘం 1971 నుంచి పిల్లలకు ఉత్తరాల పోటీ పెడుతోంది, కామన్‌వెల్త్ వ్యాస పోటీకి 1883 నుంచి చరిత్ర ఉంది. అవి పెట్టవద్దని నేననను. కాని అన్నీ ఇంట్లో కుర్చీలో కూర్చుని ఊహించి వ్రాసేవే. బయటకు పోయి కనుక్కుని వ్రాయమనేవి చాలా తక్కువ. పర్యావరణం మీద పిల్లలను విలేఖరులుగా పంపే అంతర్జాతీయ కార్యక్రమం ఒకటి 1994 నుంచి నడుస్తున్నది గాని, మన జిల్లా పరిషత్ బడి దాకా దాని పేరు రావడమే కష్టం.

మనకు మరీ దగ్గరలో ఉన్న మంచి ఉదాహరణ సైన్సువాళ్ళది. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్సు కాంగ్రెసులో పది నుంచి పదిహేడేళ్ళ పిల్లలు జట్టుగా చేరి, తమ ఊరి సమస్య ఒకటి ఎంచుకుని, ఇంటింటికీ తిరిగి, లెక్కలు వేసి, పట్టిక గీసి చూపిస్తారు. మా పక్క బడి పిల్లలు ఊళ్ళో బోర్ల లోతు ఏ ఏడు ఎంత ఉన్నదో రైతులను అడిగి వ్రాసుకొచ్చారు. అది వార్త కాదా? మొదటి రకం వార్త! కాని సైన్సు గదిలో ఇరవై ఇళ్ళు తిరిగిన ఆ పిల్లవాడే తెలుగు గదిలోకి వచ్చేసరికి 'నీరు ప్రాణాధారము' అని మొదలుపెడతాడు. తెలుగువాళ్ళం మనం అతన్ని అలా తయారుచేశాం.

పత్రికలవాళ్ళూ తక్కువ తినలేదు. విద్యార్థుల పేజీ అని వేస్తారు. అందులో పాఠాలు, మోడల్ పేపర్లు, ర్యాంకులు. బడి వార్త అంటే వార్షికోత్సవం. ముఖ్య అతిథి జ్యోతి వెలిగించారు, చిన్నారుల నృత్యాలు అలరించాయి. ఎవరూ ఏమీ అడగని వార్త. 1989లో ఈనాడు జిల్లాలకు ప్రత్యేక పేజీలు మొదలుపెట్టాక పల్లె వార్తకు చోటు దొరికింది, ఊరికొక కంట్రిబ్యూటరు తయారయ్యాడు. అది చిన్న మార్పు కాదు. కాని అతనికి ఎవరూ ముందుగా నేర్పలేదు, ఉద్యోగంలో పడి దెబ్బలు తింటూ నేర్చుకున్నాడు. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లోనే వచ్చింది, పత్రికలు సొంత బళ్ళూ పెట్టుకున్నాయి. వాటికి డిగ్రీ కావాలి. మరి పదమూడో ఏట నుంచి ఇరవయ్యో ఏట దాకా? ప్రశ్నలు ఎక్కువగా పుట్టే వయసు అదే. ఆ ఏడేళ్ళూ ఆబ్జెక్టివ్ బిట్లకు సరిపోతున్నాయి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం తప్ప, సొంతంగా ఒక ప్రశ్న తయారుచేయమని అడిగే పరీక్ష ఒక్కటీ లేదు.

పిల్లలకు చేతకాదనేవారికి రెండు సంగతులు చెబుతాను. ఢిల్లీలో 2003 నుంచి బాలక్‌నామా అని ఒక పత్రిక వస్తున్నది. వీధుల్లో బతికే పిల్లలు, పనిచేసుకునే పిల్లలు దానికి విలేఖరులు. వ్రాయడం రానివాళ్ళు కూడా విలేఖరులే. వాళ్ళు చూసినది నోటితో చెబుతారు, వ్రాయగలిగినవాళ్ళు వ్రాసుకుంటారు. అలా చెప్పేవాళ్ళకు 'బాతూనీ రిపోర్టర్లు' అని పేరు. మనం వ్యాసానికి అక్షరదోషాలు లెక్కపెట్టి మార్కులు కొడుతూ ఉంటే, వాళ్ళు అక్షరం రానివాడిని కూడా విలేఖరిని చేశారు. రెండోది లక్నోలోని ఒక బడిపిల్ల. 2012లో, గాంధీగారికి జాతిపిత అనే బిరుదు ఏ ఉత్తర్వు ద్వారా ఇచ్చారో కాగితం చూపమని సమాచార హక్కు చట్టం కింద అడిగింది. ఆ దరఖాస్తు ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరిగి తిరిగి, అలాంటి పత్రమేదీ లేదని జవాబు వచ్చింది. గాంధీగారి గొప్పతనం దానివల్ల తగ్గలేదు. వాచకంలో ఉన్నదాన్ని కూడా అడిగి చూడవచ్చునని ఒక చిన్నపిల్ల దేశానికి చూపించింది. ఆ పని చేయడానికి ఏ వ్యాసరచన పోటీ ఆమెను తయారుచేసి ఉంటుందో నాకు అర్థం కాదు.

ఎవరూ వ్రాయరేమోనన్న భయమూ అక్కర్లేదు. తెలంగాణాలో కవులే లేరని ఎవరో అన్నందుకు సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రిక నుంచి పిలుపు ఇస్తే 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అంతకుముందు వాళ్ళంతా లేరా? ఉన్నారు, పిలిచినవాడు లేడు.

ఇప్పుడు మన సంఘానికి నా ప్రతిపాదన. పోటీకి ముందు ఒక శనివారం పిల్లలను ఇక్కడికి పిలిచి ఒక పూట కూర్చోబెడదాం. మన జర్నలిజం విద్యార్థులు వచ్చి ఎలా అడగాలో, ఎలా వ్రాసుకోవాలో చెప్పాలి. ఆ తర్వాత రెండు వారాలు గడువు. వార్త మూడు వందల మాటలకు మించరాదు. కనీసం ముగ్గురితో మాట్లాడి ఉండాలి. ఎవరి మీద ఆరోపణ ఉందో ఆ ముగ్గురిలో వాళ్ళు ఒకరై తీరాలి. మాట్లాడిన తేదీ, చోటు వెనక కాగితం మీద వ్రాయాలి. సూక్తులు ఉంటే మార్కులు కోత. మూడు బహుమతులకు నిలిచిన వార్తలను మన సంఘం తరఫున ఇద్దరు పోయి ఊళ్ళో సరిచూడాలి. ఇది కొంచెం శ్రమే, బస్సు ఛార్జీలు అవుతాయి. కప్పులకు పెట్టే డబ్బు మిగులుతుంది గదా, అందులోంచి తీద్దాం. బహుమతి వార్తలు ఈ సంచికలో రెండు పేజీల్లో అచ్చు కావాలి. ప్రిన్సిపాళ్ళ సందేశాలు, శుభాకాంక్షలు పదకొండు పేజీలు వేస్తున్నాం, రెండు తగ్గిస్తే కొంప మునగదు.

ఈ మాట మెస్‌లో అన్నప్పుడు మిత్రులు కొన్ని అభ్యంతరాలు చెప్పారు. హెడ్మాస్టర్లు పిల్లలను పంపరు అన్నది ఒకటి. కొందరు పంపరు, నిజమే. అయితే పైవాడి జవాబు తప్పనిసరి అన్న నియమం ముందే చెబితే ఎక్కువమంది పంపుతారని నా నమ్మకం. వాళ్ళ భయం వార్త అంటే కాదు, వాళ్ళను అడగకుండా వ్రాసిన వార్త అంటే. ఇంకొకరు, ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోను ఉంది, పిల్లలు వీడియో తీసి పెట్టేస్తున్నారు, కొత్తగా మనం నేర్పేదేముంది అన్నారు. నేర్పేది అక్కడే ఉంది. ఫోనులో చేరవేసేది నా టీకొట్టు వాక్యం లాంటిది. ఎవరి జేబులోకి పోయినదో దేవునికెరుక! ఆ మాట ఈ రోజుల్లో గోడ దిగదు, ఊరంతా తిరుగుతుంది.

మూడో అభ్యంతరం మాత్రం గట్టిది. హాస్టల్లో నా పక్కగది మిత్రురాలి చెల్లెలి అనుభవం చెబుతూ ఒకరన్నారు. పిల్లవాడు వ్రాసి వెళ్ళిపోతాడు, రేపు ఆ పిల్లవాడి మీద, వాడి నాన్న కూలిపని మీద కక్ష తీర్చుకుంటే ఎవరు అడ్డం పడతారని. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మనకు కాన్సాస్ లాంటి చట్టం లేదు. కేరళలో జాతీయగీతం పాడకుండా నిలబడ్డందుకు బడి నుంచి వెళ్ళగొట్టబడ్డ ముగ్గురు పిల్లల కేసులో 1986లో మన సుప్రీంకోర్టు పిల్లల పక్షాన తీర్పు చెప్పి, రాజ్యాంగం ఇచ్చిన స్వేచ్ఛలు వాళ్ళకూ ఉన్నాయని తేల్చింది. కాని ప్రతి పిల్లవాడూ ఢిల్లీ దాకా పోలేడు. అందుకని నేననేది, అవసరమైన చోట వార్త పిల్లవాడి పేరుతో కాక మన సంఘం పేరుతో అచ్చువేద్దాం. ఎవరైనా తగువుకు వస్తే మన దగ్గరకు రానీండి. సంఘమని పేరు పెట్టుకుని ఎన్నికలప్పుడు అంతంత కేకలు వేస్తున్నాం, ఆ మాత్రం నిలబడలేమా? సరిచూడడానికి ఇద్దరిని పంపమన్నది కూడా సగం ఇందుకే.

సంఘం కార్యవర్గం ఈ నెలాఖరున కూర్చుంటుందని విన్నాను. విషయసూచికలో ఈ సంగతి చేర్చమని కార్యదర్శికి కాగితం ఇచ్చాను, మొన్న సోమవారం. చేర్చాడో లేదో సోమవారం నుంచి అడుగుతూనే ఉన్నాను. ఇప్పుడు మెస్ దగ్గర తప్పించుకు తిరగడం అతని వంతయింది.

మొదటి ఏడాది బహుమతికి డబ్బు లేదంటారేమో, నా టిఫిన్ క్యారియరు ఇస్తాను. ఎనిమిదేళ్ళుగా అమ్మ దాన్ని అటక మీదనే దాచింది, ఒక్కసారి కూడా వాడలేదు. పై గిన్నెకు మూత సరిగ్గా పట్టదు గాని.